రేవలచిన్ని వేరు, రాత్రికో చెంచా పొడి

గుంటూరు బ్రాడీపేటలో మందుల షాపు నడుపుతాను. రాత్రి ఎనిమిది దాటాక వచ్చేవాళ్లలో చాలామంది కడుపు బాధలతోనే వస్తారు. గ్యాస్ మాత్రయితే గట్టిగానే అడుగుతారు. రెండోది మాత్రం పక్కవాడికి వినపడకుండా గొంతు తగ్గించి అడుగుతారు: "మోషన్ ఫ్రీగా అవ్వడానికి ఏదైనా పొడి ఉందా అండీ? ఇంగ్లీషు మందు వద్దు. ఆయుర్వేదం అయితే నేచురల్ కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు."

ఆ చివరి ముక్కతోనే నాకు పేచీ. ఇలా అమ్ముడయ్యే పొడుల్లో చాలావాటిలో సునాముఖి ఆకు ఉంటుంది. కొన్నింట్లో రేవలచిన్ని వేరు కూడా ఉంటుంది. ఇంగ్లీషులో రూబార్బ్ అనేది దీన్నే. రెండూ నిజంగా పనిచేసే మందులు. పనిచేసే మందన్నాక దానికో డోసుంటుంది, ఎన్నాళ్లు వాడాలన్న లెక్కుంటుంది, అది పడనివాళ్లూ ఉంటారు. రేవలచిన్ని విషయంలో ఇంకో మెలిక ఉంది. దాని గుణాన్ని బట్టి చూస్తే అది రోజూ వాడుకునే సరుకు కానే కాదు. ఆ సంగతి దాన్ని వందల ఏళ్లు వాడిన వైద్యులకి బాగా తెలుసు. మనం వాళ్ల పొడిని దాచుకుని, వాళ్ల పద్ధతిని గాలికొదిలేశాం.

పట్నం బజారులో మూలికలు అమ్మే కొట్టుకెళ్లి రేవలచిన్ని కావాలంటే, పెద్దాయన లోపల్నుంచి ఓ గోనెసంచి లాగి బొటనవేలంత లావు ముక్కలు నాలుగు చేతిలో పెడతాడు. పైన మట్టిరంగు, నిలువునా ముడతలు. ఎండిన ముక్కయితే టక్కున విరుగుతుంది. లోపల పసుపూ నారింజా కలిసిన రంగు. చిన్న పలుకు నోట్లో వేసుకుని నమిలితే ముందు చేదు, ఆ వెనకే వగరు, పళ్ల మధ్య ఇసుక పడ్డట్టు కరకర. సరిగ్గా కడగలేదేమో అనుకుంటాం గానీ, ఆ కరకర వేరులో పుట్టిన కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలది. ఫార్మసీ చదివిన ప్రతివాడూ వాటిని మైక్రోస్కోపులో చూసి రికార్డులో బొమ్మ గీసినవాడే. కాసేపటికి ఉమ్మి పచ్చగా అవుతుంది. వేళ్లకంటిన పసుపు ఓ పట్టాన పోదు.

ల్యాబులో చేసే పరీక్ష ఇంకా బాగుంటుంది. పొడిని పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో మరిగించి వడకడతాం. చల్లారాక బెంజీన్ పోసి కుదుపుతాం. పైకి తేలిన బెంజీన్ పొరను వేరే గొట్టంలోకి తీసి అమ్మోనియా కలిపితే, అడుగున చేరిన అమ్మోనియా ఒక్కసారిగా గులాబీ ఎరుపుకి తిరుగుతుంది. దీన్ని బోర్న్‌ట్రాగర్ పరీక్ష అంటారు. సునాముఖికీ అదే రంగు వస్తుంది. రెండు మొక్కలకీ చుట్టరికం లేకపోయినా, రెండింట్లోనూ ఆంత్రాక్వినోన్లు అనే ఒకే జాతి రసాయనాలున్నాయి. రేవలచిన్నిలో ఉండేవి ఎమోడిన్, అలో-ఎమోడిన్, రెయిన్, క్రైసోఫనాల్ వగైరా. సునాముఖిలో ముఖ్యమైనవైన సెన్నోసైడ్లు కూడా ఇందులో కొంత ఉంటాయి.

మన బజార్లో దొరికేది ఎక్కువగా హిమాలయాల సరుకు. కాశ్మీరు నుంచి సిక్కిం దాకా, సుమారు మూడు వేల మీటర్లు, అంతకన్నా ఎత్తున పెరుగుతుంది. వేరు ముదరడానికి ఏళ్లు పడుతుంది, తవ్వితే మొక్క పోతుంది. అందుకే కొండల్లో ఇది తరిగిపోతోంది. చైనా వైద్యులు వాడేది దీని దాయాది రకాలను. పాశ్చాత్యులు తీపి వంటల్లో వేసుకునే ఎర్ర కాడ కూడా ఈ కుటుంబంలోదే. దాని ఆకు మాత్రం ఆక్సాలిక్ యాసిడ్‌తో విషం. మొదటి ప్రపంచ యుద్ధంలో కూరగాయల కరువొచ్చి బ్రిటన్‌లో ఆకును కూడా వండుకోమని చెబితే కొందరు తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. కాడ కూర, ఆకు విషం, వేరు మందు. మొక్క ఒకటే కాబట్టి అంతా ఒకటే అనుకుంటే ఎలా?

ఇక వేరు కడుపులో ఏం చేస్తుందో చెప్పాలి. రాత్రి మింగిన పొడిలోని ఆంత్రాక్వినోన్లు చాలావరకు చక్కెర అణువుతో ముడిపడి ఉంటాయి. ఆ ముడి ఉన్నంతసేపూ అవి దాదాపు మొద్దు సరుకు. పొట్టలోనూ చిన్నపేగులోనూ ఏమీ కాకుండా కిందికి జారి పెద్దపేగు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియా ఆ ముడి విప్పుతుంది. అప్పుడు తయారయ్యే ఆంత్రోన్ పేగు గోడని రెచ్చగొట్టి కదలిక పెంచుతుంది, పేగు నీళ్లు పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. ఈ ప్రయాణానికంతా ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. పడుకునేముందు వేసుకుంటే తెల్లారేసరికి పనవడం అందుకే. నాకు ఇది ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. మందులో సగం మొక్క తయారుచేస్తే, మిగతా సగం మన పేగులోని సూక్ష్మజీవులు పూర్తిచేస్తున్నాయి.

అసలు కిటుకు దీని తర్వాత ఉంది. ఇదే వేరులో టానిన్లు కూడా బాగా ఉంటాయి. నమిలినప్పుడు నాలుక్కి తగిలే వగరు వాటిదే. వగరు గుణం పేగుని బిగిస్తుంది. అంటే ఈ వేరు ముందు జారుడు చేసి, ఆ పని అయ్యాక బిగుతు చేస్తుంది. కొద్ది మోతాదులో ఇస్తే వగరుదే పైచేయి, విరేచనాలు ఆగుతాయి. మోతాదు పెంచితే జాడించి బయటికి పంపి, తర్వాత బిగిస్తుంది. పాత వైద్యులకి ఇది లోపంగా కనపడలేదు. తిన్నది పడక నీళ్ల విరేచనాలు పట్టుకున్నవాడికి పేగులో ఉన్న చెత్తనంతా ఓసారి పంపించేసి, ఆ తర్వాత తనంతట తానే ఆపే మందు వాళ్లకి వరం. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో ప్రొఫెసర్ జేమ్స్ గ్రెగరీ పేరు మీద రేవలచిన్ని, శొంఠి, మెగ్నీషియా కలిపిన పొడి ఒకటి తరాల తరబడి ఇంగ్లీషువాళ్ల ఇళ్లలో ఉండేది. అజీర్తికి వాడుకునేవారు.

ఇప్పుడు ఈ గుణాన్ని రోజూ మలబద్ధకంతో బాధపడేవాడికి అన్వయించి చూడండి. రాత్రి చెంచా పొడి వేశాడు. పొద్దున్నే పేగు మొత్తం ఖాళీ. ప్రాణం హాయిగా ఉంది. ఖాళీ అయిన పేగు మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మధ్యలో మోషన్ అవ్వకపోవడం సహజం. పైగా వగరు బిగింపు ఒకటి. కానీ మర్నాడు ఏమీ అవ్వకపోయేసరికి మనవాడికి టెన్షన్. "నిన్న పొడి వేసుకున్నాను కాబట్టి అయింది, ఇవాళ వేసుకోలేదు కాబట్టి ఆగింది." మళ్లీ చెంచా. నెల తిరిగేసరికి పొడి లేనిదే తెల్లారదు. పేగు చచ్చుబడిందని భయపెట్టేవాళ్లున్నారు గానీ అంత దూరం వెళ్లక్కర్లేదు. చాలామందిలో పేగు బాగానే ఉంటుంది. రెండో రోజు ఓపిక పట్టడమే మర్చిపోతారు.

అసలు రోజూ తెల్లారగానే అయి తీరాలనే పట్టింపు దగ్గరే తిరకాసుంది. రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా, ముక్కాల్సిన అవసరం లేకుండా అయితే అది మామూలే అని వైద్యశాస్త్రం చెబుతుంది. ఈ మాట షాపులో చెబితే నన్ను అనుమానంగా చూస్తారు. సరుకు అమ్మడం ఇష్టంలేక చెబుతున్నాడనుకుంటారేమో!

"మన పూర్వీకులు రోజూ వాడారండీ, వాళ్లకేమైంది?" అనేది ఇంకో వాదన. వాడలేదండీ. అదే నేను చెప్పేది. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట చైనాలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రేవలచిన్ని ముఖ్య సరుకుగా కషాయం ఒకటి రాశాడు. దాని కింద ఆయన పెట్టిన షరతు: విరేచనం అయితే మిగిలిన కషాయం తాగవద్దు. అంతే. గిన్నెలో సగం ఉన్నా సరే పారబోయాల్సిందే. జాడించాలంటే వేరుని కషాయంలో చివర్న వేసి కొద్దిసేపే మరిగించేవాళ్లు. ఎక్కువసేపు మరిగితే జారుడు గుణం తగ్గుతుందని వాళ్లకి తెలుసు. నెమ్మదిగా పనిచేయాలంటే బియ్యంతో చేసిన సారాతో ఆవిరి పట్టి వాడేవాళ్లు. ఇంత లెక్క ఉన్న మందుని మనం ఓ డబ్బాలో పోసి ప్లాస్టిక్ చెంచా వేసి ఇస్తున్నాం.

మన ఆయుర్వేదానికొస్తే, చరకుడి జాబితాలో ఈ వేరు ముఖ్యమైనది కాదు. సుఖంగా విరేచనం చేయించడంలో తెల్లతెగడ మేలనీ, మృదువుగా అయితే రేలకాయ గుజ్జనీ, తీక్ష్ణంగా అయితే జెముడు పాలనీ ఆయన తేల్చాడు. మనిషిని బట్టి మూడు మెట్లు పెట్టాడన్నమాట. విరేచనకర్మ అంటే చెంచా మింగి పడుకోవడం కాదు. ముందు కొన్నాళ్లు నెయ్యి పట్టించాలి, చెమట పట్టించాలి, ఆ తర్వాతే మందు. అయ్యాక ఎన్ని వేగాలు, అంటే ఎన్నిసార్లు విరేచనం అయిందో లెక్కపెట్టి, దాన్ని బట్టి గంజితో మొదలుపెట్టి మెల్లగా మామూలు అన్నానికి తీసుకురావాలి. పసివాళ్లకి, ముసలివాళ్లకి, గర్భిణులకి, నీరసించినవాళ్లకి వద్దన్నారు. విజయవాడలో నోరి రామశాస్త్రి గారి పేరున ఉన్న ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో ఈ పాఠం ఇప్పటికీ చెబుతారు. ఆ చదువు చదివిన వైద్యుడెవరూ ఏడాది పొడవునా రాత్రికో చెంచా వేసుకోమనరు.

రేవలచిన్ని మన దగ్గర పాతుకుపోయింది ముఖ్యంగా యునానీ హకీంల చేతి మీదుగా. గుంటూరు సర్కారు 1788లో ఇంగ్లీషువాళ్లకి దఖలు పడేదాకా నిజాం చేతిలోనే ఉంది కాబట్టి హకీం మందు ఇక్కడివాళ్లకి పరాయిది కాదు. వాళ్లూ మున్‌జిజ్, ముస్‌హిల్ అని రెండంచెలు పాటిస్తారు. మొదటిది కొన్నాళ్లు ఇచ్చి దోషాన్ని పక్వానికి తేవడం, రెండోది దాన్ని బయటికి పంపడం. వాళ్ల సిద్ధాంతం ఒప్పుకుంటామా లేదా అన్నది వేరే సంగతి. క్రమం మాత్రం ఉంది. చిన్నప్పుడు మా ఇళ్లలో ఆముదం పట్టించడం కూడా అంతే. పిల్లలు పారిపోయేవాళ్లు, అమ్మమ్మ పట్టుకుని గొంతులో పోసేది. ఏ ఆర్నెల్లకో ఒకసారి జరిగే ఆ హింసని రోజువారీ చేయాలని ఏ అమ్మమ్మకీ తోచలేదు.

పాతవాళ్లు దీన్ని పొదుపుగా వాడింది విలువ తెలియక మాత్రం కాదు. రష్యా చక్రవర్తులు చైనా సరిహద్దులో కియాఖ్త దగ్గర ఈ వేరు వ్యాపారాన్ని ఏళ్ల తరబడి తమ గుత్తాధిపత్యంలో పెట్టుకున్నారు. ప్రతి ముక్కకీ రంధ్రం పెట్టి లోపల చూసి, నచ్చని సరుకుని తగలబెట్టించేవాళ్లు. 1839లో నల్లమందు వ్యాపారం ఆపమని చైనా అధికారి లిన్ జెషు విక్టోరియా రాణికి రాసిన ఉత్తరంలో తేయాకుతో పాటు రేవలచిన్నిని కూడా ప్రస్తావించాడు. ఇవి లేకుండా మీకు ఒక్కరోజు గడవదు కదా అని దాని సారాంశం. ఇంగ్లీషువాడి మలబద్ధకం మీద అంత ధీమా ఆయనకి! నాణ్యత కోసం అంత పట్టుబట్టిన కాలాన్ని తలుచుకుంటే, ఇవాళ న్యూస్‌పేపర్ పొట్లంలో వచ్చే పొడిని చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు.

పొట్లం అంటే మా బాబాయి గుర్తొస్తాడు. కొరిటెపాడులో ఉంటాడు, డెబ్బైకి దగ్గర పడ్డాడు. బీపీకి వేసుకునే మాత్రలో ఒంట్లో నీరు తీసే మందు ఉంది. మోకాళ్లకి ఎముకల డాక్టరు రాసిన మాత్ర ఇంకోటి. వీటికి తోడు ఊళ్లో ఓ కొట్టులో విడిగా కట్టించుకున్న పొడి, రాత్రి పూట వేడినీళ్లతో. ఓ రోజు పిన్ని ఫోన్ చేసింది: "ఒరేయ్, మీ బాబాయి మెట్లెక్కలేకపోతున్నాడురా. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి అరుస్తున్నాడు." ఆస్పత్రిలో రక్తం తీస్తే పొటాషియం బాగా పడిపోయి ఉంది. సెలైన్‌లో ఎక్కించారు. ఏమేం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే పిన్ని మాత్రల స్ట్రిప్పులన్నీ పరిచి చూపించింది. పొడి సంగతి ఎత్తలేదు. దాచాలని కాదు, అది మందని ఆవిడకి తోచనే లేదు.

పొడి వంటింట్లో జీలకర్ర డబ్బా పక్కన ఉంది. కాలేజీలో పనిచేసే స్నేహితుడి ల్యాబుకి కాస్త పట్టుకెళ్లాను. అమ్మోనియా పొయ్యగానే గులాబీ రంగు. దాంట్లో ఉన్నది సునాముఖో రేవలచిన్నో ఈ పరీక్ష చెప్పదు గానీ ఆంత్రాక్వినోన్లున్నాయని మాత్రం ఖాయం. నీళ్లలా విరేచనాలైతే వాటితో పొటాషియం పోతుంది. బీపీ మాత్రలోని నీరు తీసే మందు మూత్రంలో పంపిస్తుంది. రెండువైపుల నుంచీ ఖర్చే. పొటాషియం తగ్గితే కండరాలు పట్టేయడం, నీరసం మామూలే. మరీ తగ్గితే గుండె లయ తప్పుతుంది. గుండెకి డిగాక్సిన్ వాడేవాళ్లకైతే అది ఇంకా పెద్ద ప్రమాదం.

బాబాయి ఒప్పుకోలేదు. "పొటాషియం తీసింది ఇంగ్లీషు మాత్ర అని నువ్వే అంటున్నావు. మరి నా పొడినెందుకురా ఆడిపోసుకుంటావ్?"

"రెండూ తీశాయి బాబాయ్. మాత్రకి చీటీ ఉంది, డాక్టరుకి తెలుసు, రక్తపరీక్ష చేయిస్తాడు. పొడి సంగతి ఎవరికి తెలుసు?"

రెండో మాత్ర సంగతి చెప్పేసరికి ఆయన కాస్త తగ్గాడు. మోకాళ్లకి రాసింది డయాసెరిన్, గ్లూకోసమైన్‌తో కలిపి. మన దగ్గర కీళ్లనొప్పులకి చాలా మామూలుగా రాసే మందు. డయాసెరిన్ ఒంట్లోకి వెళ్లి మారేది రెయిన్‌గా. అవును, రేవలచిన్నిలో ఉన్న ఆ రెయినే. అందుకే దాన్ని వాడేవాళ్లలో కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి, మూత్రం రంగు మారుతుంది. విరేచనాలు మరీ తీవ్రంగా వస్తున్నాయని 2014లో యూరప్‌లో మందుల్ని పర్యవేక్షించే యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ దాని వాడకానికి హద్దులు పెట్టింది. 65 ఏళ్లు దాటినవాళ్లకి వద్దంది. మిగతావాళ్లు రోజుకి 50 మిల్లీగ్రాములతో, అంటే సగం డోసుతో మొదలుపెట్టాలని, విరేచనాలు మొదలైతే ఆపేయాలని చెప్పింది. అంటే బాబాయి ఒకే జాతి రసాయనాన్ని పొద్దున ఇంగ్లీషు మాత్రలో, రాత్రి ఆయుర్వేదం పొట్లంలో మింగుతున్నాడు. ఒకటి డాక్టరు రాసింది, ఒకటి సొంత వైద్యం. పేగుకి ఆ తేడా తెలియదు.

అందుకే ఇంగ్లీషు మందా, నాటు మందా అనే గీత నాకు నచ్చదు. అటువైపు వాళ్లూ తక్కువ తినలేదు. మూలికలన్నీ బూటకమని కొట్టిపారేసే డాక్టర్లని చూశాను. రేవలచిన్ని బూటకం కాదని వాళ్లు రాసే డయాసెరినే సాక్ష్యం. నోటిపూతకి దీని సారంతో చేసిన మందు యూరప్‌లో దొరుకుతుంది. పెదవి మీద వచ్చే జ్వరం పొక్కులకి దీన్నీ సేజ్ ఆకునీ కలిపిన క్రీము, అసైక్లోవిర్ క్రీముకి దాదాపు దీటుగా పనిచేసిందని స్విట్జర్లాండులో చేసిన ఒక పరిశోధనలో తేలింది. అప్పుడప్పుడూ వచ్చే మలబద్ధకానికి ఇది పనిచేస్తుందన్నదాంట్లో సందేహమే లేదు.

మిగతా గొప్పలే నాకు మింగుడుపడవు. బరువు తగ్గిస్తుందంటారు. తగ్గేది నీళ్లూ మలమూ, కొవ్వు కాదు. రెండు గ్లాసుల మజ్జిగ తాగితే తిరిగొచ్చే బరువది. ఒంట్లో విషాలన్నీ కడిగేస్తుందని వాట్సాప్‌లో తిప్పుతారు. ఆ పని చేసే కాలేయం, మూత్రపిండాలు మనకి పుట్టుకతో ఉన్నాయి. కిడ్నీ జబ్బుకి చైనాలో దీన్ని చాలాకాలంగా వాడుతున్నారు, పరిశోధనలు కూడా జరిగాయి. వాటన్నిటినీ కలిపి సమీక్షించినవాళ్లు ఆధారాలు బలహీనంగా ఉన్నాయని తేల్చారు. అది విని క్రియాటినిన్ పెరిగిన మనిషి సొంతంగా పొడి మొదలుపెడితే నీళ్లు, లవణాలు తగ్గి కిడ్నీకే దెబ్బ. రాళ్లున్నవాళ్లు పాలకూర మానేసి, ఆక్సలేట్ నిండిన ఈ వేరుని మింగడం కూడా చూశాను.

కొనేటప్పుడు ఇంకో గండం ఉంది. పాత మందుల పుస్తకాల్లో "రేవలచిన్ని పాలు" అని ఒకటి కనపడుతుంది. పేరు చూసి ఇదే వేరు రసమనుకుంటాం. అది గార్సీనియా జాతి చెట్టు నుంచి కారే పసుపు బంక, ఇంగ్లీషులో గాంబోజ్. బొమ్మలేసేవాళ్లు రంగుగా వాడేవారు. భయంకరమైన విరేచనకారి. కొద్ది గ్రాములకే మనుషులు పోయిన సందర్భాలు వైద్యగ్రంథాల్లో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎక్కడో చదివి ఈ పేరుతో బజారుకెళ్లడం మంచిది కాదు. డబ్బాలో అమ్మే ఆయుర్వేద, యునానీ మందుల మీద ఏ మూలిక ఎంతుందో రాయాలని నిబంధన ఉంది. ఆ చిన్న అక్షరాలు కళ్లజోడు పెట్టుకుని చదవండి. విడిగా కట్టిచ్చే పొట్లానికి ఆ మాత్రం భరోసా కూడా లేదు.

ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందని అడుగుతారు. కొలనోస్కోపీ చేసినప్పుడు పెద్దపేగు లోపలి గోడ ముదురు గోధుమరంగులో కనపడుతుంది. మెలనోసిస్ కోలై అంటారు. చూడ్డానికి భయమేస్తుంది గానీ దానివల్ల నొప్పీ బాధా ఉండవు. వాడకం ఆపితే నెలల్లో మెల్లగా పోతుంది. దానివల్ల క్యాన్సర్ వస్తుందని రుజువు కాలేదు, కాబట్టి నేనూ భయపెట్టను. మూత్రం పచ్చగానో ఎర్రగానో వస్తే చాలాసార్లు అది వేరు రంగే. అయితే పొడి ఆపాక కూడా ఎర్రగానే ఉంటే చూపించుకోవాలి.

యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ఈ వేరుకి పెట్టిన హద్దులు చదివితే పాత వైద్యుల మాటలకి దగ్గరగా ఉండటం చూసి నాకు ఆశ్చర్యమేసింది. వారానికి రెండు మూడుసార్లు వేసుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఒకటి రెండు వారాలకి మించితే డాక్టరు చూడాలి. 12 ఏళ్లలోపు పిల్లలకి వద్దు, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి వద్దు. పేగులో అడ్డంకి, తెలియని కడుపునొప్పి, పేగు వాపు జబ్బులున్నవాళ్లు ముట్టుకోకూడదు.

"మరి ఏం వాడమంటారు?" అంటే నేను ముందు ప్రశ్నలే వేస్తాను. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు వాడుతున్నారా? ఇవన్నీ మలం బిగిస్తాయి. థైరాయిడ్ చూపించుకున్నారా? షుగర్ ఉందా? పాలిష్ పట్టిన సన్నబియ్యం అన్నంలోకి కారం, నెయ్యి, చివర పెరుగు, కూర మాత్రం నంజుకున్నంతే. ఇదీ మన భోజనం. గోరుచిక్కుడు కూర కాస్త ఎక్కువగా వేసుకుంటే, ఓ జామకాయ గింజలతో సహా తింటే చాలామందికి పొడి అవసరమే రాదు. టిఫిన్ తిన్న పావుగంటకి పెద్దపేగు తనంతట తాను కదులుతుంది. ఆ టైముకి స్కూలు బస్సూ ఆఫీసూ అని పరుగెత్తి, ఆ పిలుపుని రోజూ వాయిదా వేసి రాత్రికి పొడి వెతుక్కుంటాం. అప్పటికీ కాకపోతే ఇసబ్‌గోల్. పెద్ద గ్లాసు నిండా నీళ్లతోనే తాగాలి, లేకపోతే అది గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది. లాక్టులోజ్ లాంటివి డాక్టరు రాస్తే ఎక్కువకాలం వాడటానికి కూడా కుదురుతాయి. పెళ్లిభోజనాలు, ప్రయాణాలు అయ్యాక రెండు రోజులు బిగిస్తే రేవలచిన్ని ఉన్న చూర్ణం ఒక రాత్రికి నేనే ఇస్తాను. డబ్బా కాకుండా చిన్న ప్యాకెట్టే.

మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా, కడుపు ఉబ్బి వాంతులవుతున్నా నా షాపు మెట్లెక్కకండి. నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులతో పాటు జీలకర్ర డబ్బా పక్కనున్న పొట్లం కూడా సంచీలో వేసుకుని వెళ్లండి.